బస్టాండులో కొన్న పొడుపు కథల పుస్తకం, ఏళ్ళ తరబడి వాడాక నా రివ్యూ

పిల్లలు చిన్నప్పుడు ఊరెళ్తూ బస్టాండులో కొన్న పాకెట్ సైజు పుస్తకం ఇది, ఇప్పుడు పెద్దోడు ఇంటర్, అట్ట ఎప్పుడో ఊడిపోయింది గానీ ఇప్పటికీ కార్లోనే ఉంటుంది.

మొదట్లో బాగా పేలినవి 'కాని' ప్రశ్నలు. పత్రి కాని పత్రి? ఆసుపత్రి. రసం కాని రసం? నీరసం. నారి కాని నారి? పిసినారి. పత్రి అనగానే వినాయక చవితి, మారేడు, గరిక అంటూ ఆకుల వెంట పడతామే తప్ప అది ఇంకో మాటకి తోక అయ్యుండొచ్చని తట్టదు. కాకపోతే కిటుకు దొరికాక పిల్లలే కొత్తవి తయారుచేసి మన ప్రాణం తీస్తారు.

'అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చి తైతక్కలాడింది' లాంటి పాతవి వేరే లెవెల్, పుట్టింది పెరిగింది అని వినగానే బుర్ర ఏ జంతువునో, ఆడపిల్లనో వెతుక్కుంటుంది, కవ్వం దాకా రాదు. మిక్సీలో మజ్జిగ చేసే ఇంట్లో మాత్రం జవాబు చెప్పాక కవ్వమంటే ఏంటో కూడా చెప్పాలి, మజా పోతుంది.

నాకు ఒళ్ళు మండింది సర్జన్ చిక్కు దగ్గర. యాక్సిడెంట్లో తండ్రి పోయాడు, కొడుకుని ఆపరేషన్‌కి తెస్తే సర్జన్ 'వీడు నా కొడుకు, నేను చెయ్యలేను' అన్నాడట, జవాబేమో తల్లి! 'అన్నాడు' అని అచ్చేసి తల్లి అంటే అది చీటింగ్ కదా, పోనీ 'అంది' అంటే అక్కడే గుట్టు రట్టు. అందుకే నేను 'సర్జన్ గారు అన్నారు' అని మార్చి చదువుతా, అబద్ధం ఒక్క ముక్క ఉండదు, మగాడని అనుకున్నది వినేవాళ్ళే. మా ఆడపడుచు డాక్టరే, ఆవిడ కూడా 'సవతి తండ్రా?' అంది!

పుస్తకంలో లేనిది ఒకటి నేనే కలిపా. 1981లో ఎరిక్సన్, మాట్సన్ అనే సైకాలజిస్టులు మోషే తన ఓడలోకి ఒక్కో రకం జంతువుల్ని ఎన్నేసి ఎక్కించాడు అని అడిగితే, బైబిల్ కథలో ఆ ఓడ మోషేది కాదు, నోవహుదని తెలిసినవాళ్ళు కూడా చాలామంది రెండు అనేశారు. మనింట్లో అయితే 'సీతని ఎత్తుకుపోతుంటే అడ్డమొచ్చిన గరుత్మంతుడి రెక్కలు నరికిందెవరు?' అని అడగండి, రావణుడు అని ఠక్కున అంటారు, పక్షి అన్నంతవరకు సరిపోయింది కాబట్టి జటాయువు సంగతి ఎవరికీ గుర్తురాదు. అదే హనుమంతుడి రెక్కలు అన్నామంటే వెంటనే దొరికిపోతాం, పేరు దగ్గరదై ఉండాలి.

ప్రింటు ఓకే, పేపరు నాసిరకం. జవాబులు ప్రశ్న కిందే అచ్చేశారు, బొటనవేలు అడ్డం పెట్టుకుని చదవాలి. ఐదుకి మూడున్నర ఇస్తా.