చిటపటలాడే గీజర్: పదకొండేళ్ల కాపురం

మా గీజర్ మాట్లాడేది. స్విచ్ వేసిన పది నిమిషాలకి లోపల అటుకులు వేయిస్తున్నట్టు చిటపట మొదలయ్యేది. ఇంకాసేపటికి అది గురగురలోకి దిగి, చివర్లో నీళ్లు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ 'టక్' మని పడేది. ఆ టక్ వినగానే మా అత్తయ్యగారు తువ్వాలు భుజాన వేసుకునేవారు. ఇంట్లో గడియారం చూసి స్నానానికి వెళ్లినవాళ్లు లేరు. "మా గీజర్‌కి లైటు పోయినా ఫర్వాలేదండీ, వినిపిస్తుంది" అని కింద ఫ్లాట్ ఆవిడకి గొప్పగా చెప్పాను కూడా. ఆవిడ అదే కంపెనీది కొనుక్కుంది పాపం.

ఆ చప్పుడే దాని జబ్బని తెలియడానికి నాకు పదేళ్లు పట్టింది.

స్టార్లూ రంగులూ అవన్నీ డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. కంపెనీ పేరు కూడా చెప్పను, ఎందుకంటే తప్పులో ఎక్కువ పాలు మాదే. 25 లీటర్లది, 2000 వాట్లది అని మాత్రం గుర్తుపెట్టుకోండి, ముందుముందు ఒక లెక్కకి కావాలి.

కొన్నది 2014 నవంబర్లో. విశాఖలో ఉన్నవాళ్లకి ఆ సంవత్సరం గుర్తు చేయక్కర్లేదు. అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు మా బాత్‌రూమ్ కిటికీ చట్రంతో సహా ఊడి పాత గీజర్ మీద పడింది. కరెంటు లేని ఆ రోజుల్లో ఎంవీపీ కాలనీ రోడ్ల మీద కూలిన చెట్ల కొమ్మలు ఏరి తెచ్చి, మేడ మీద ఇటుకలు పేర్చి డేగిశాలో నీళ్లు కాచుకున్నాం. ఆ పొగ తిన్నాక కొత్త గీజర్ బిగించిన రోజు పండగలా అనిపించింది. బహుశా అందుకే దాన్ని అంత ముద్దు చేశాను.

నిజంగా పదేళ్లు ఒక్క రిపేరు రాలేదు. మా ఆయన ఎవరింటికి వెళ్లినా ఇదే చెప్పేవారు, "పదేళ్లండీ, స్క్రూ కూడా తిప్పలేదు" అని. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నవ్వొస్తుంది. తిప్పకపోవడమే కదా కొంప ముంచింది.

2024 కార్తీక మాసం. అత్తయ్యగారు తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తారు. కార్తీక స్నానం చన్నీళ్లతో చేయాలి కదా అని అడక్కండి, మేమూ అడగం. డెబ్బై నాలుగేళ్ల మోకాళ్లకి శాస్త్రం నుంచి కొంత మినహాయింపు ఉందని ఆవిడే తీర్మానించుకున్నారు. రెండో సోమవారం నేను వంటింట్లో ఒత్తులు నేతిలో తడుపుతున్నాను. బాత్‌రూమ్‌లోంచి చిటపట వినిపిస్తోంది. ఉన్నట్టుండి ఇల్లంతా చీకటి. ఫ్యాన్లు ఆగిపోయాయి. లోపల్నుంచి అత్తయ్యగారు, "అమ్మాయ్, తల నిండా కుంకుడు రసం, కళ్లు తెరవలేను, ఏమైంది?" అని కేక.

వీధిలో కరెంటు పోయిందనుకున్నాను. బాల్కనీలోంచి చూస్తే ఎదురింటి తులసికోట దగ్గర బల్బు వెలుగుతోంది. ఫోన్ లైటు వేసుకుని మీటర్ బోర్డు దగ్గరికి వెళ్తే ఆర్‌సీసీబీ, అదే కరెంటు లీకైతే ఇల్లంతా ఆపేసే బ్రేకర్, కింద పడి ఉంది. పైకి ఎత్తాను. నిలబడలేదు. గీజర్ స్విచ్ ఆపి ఎత్తితే నిలబడింది. ఆవిడ చివరికి చన్నీళ్లతోనే తల కడుక్కుని బయటికొచ్చి, "శివుడికి చన్నీళ్లే కావాల్సి వచ్చాయి కాబోలు" అన్నారు. కోపమో భక్తో తేల్చుకోలేకపోయాను.

మర్నాడూ అంతే. పది పన్నెండు నిమిషాలు బాగానే ఉండి, చిటపట మొదలైన కాసేపటికి ఇల్లు మొత్తం ఆరిపోయేది. దగ్గర్లోని షాపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. గీజర్ వైపు తలెత్తి కూడా చూడలేదు. "మేడమ్, మీ బ్రేకర్ సెన్సిటివ్ అయిపోయింది, డైరెక్ట్ చేసేస్తాను, ట్రిప్ అవ్వదు" అన్నాడు. మా ఆయన "పౌర్ణమి దాకా అలా నడిపేద్దామా" అన్నారు. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఆ చిన్న పెట్టె చేసే పని ఒక్కటే. ఫేజ్‌లో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తక్కువైతే, ఆ తక్కువైంది ఎవరి ఒంట్లోంచి పోతోందోనని ఠపీమని కట్ చేస్తుంది. తడి నేల మీద నిలబడే ముసలావిడకి, గీజర్‌కి మధ్య కాపలా అదొక్కటే. దాన్ని తీసేస్తానన్న కుర్రాడికి కాఫీ ఇచ్చి పంపించేశాను. రెండు రోజులు గ్యాస్ మీద నీళ్లు కాచాను.

మూడో రోజు సూర్యాబాగ్ వైపు మోటార్ వైండింగ్ చేసే ఒక పెద్దాయన వచ్చారు. మెయిన్ ఆపి, నీళ్లు కాచే ఎలిమెంట్ వైర్లు విప్పి, మళ్లీ మెయిన్ వేసి, తన సంచిలోంచి సిరీస్ ల్యాంప్ (కరెంటు బయటికి కారుతోందో లేదో చూపే బల్బు) తీసి పెట్టారు. బల్బు సన్నగా ఎర్రగా వెలిగింది. "ఎలిమెంట్ బాడీ అయిపోయిందమ్మా" అన్నారు. అంటే పైనున్న గొట్టం పగిలి, లోపలి కాయిల్‌కి నీళ్లు తగులుతున్నాయని. నీళ్లు వదిలేసి గీజర్ దింపి, కింది ప్లేటు విప్పడానికి స్పానర్ వేస్తే బోల్టులు కదలవు. సముద్రపు గాలికి మా ఇంట్లో బాల్కనీ గ్రిల్లే రెండేళ్లకోసారి రంగు అడుగుతుంది, ఇక బోల్టు ఎంత. కొబ్బరి నూనె పోసి అరగంట కూర్చున్నాం. ప్లేటు ఊడింది.

లోపల్నుంచి ముందు మడ్డి వచ్చింది, తర్వాత రాళ్లు. పగిలిన గుడ్డు పెంకుల్లా తెల్లటి పలకలు, పెద్ద స్టీలు గిన్నె నిండా. ఎలిమెంట్ ఎక్కడుందో కనిపించదు, సున్నం కట్టిన పుట్టలా ఉంది. దాని పక్కన చీపురుపుల్లంత ఇనుప తీగ ఒకటి వేలాడుతోంది.

"ఇదేటో తెలుసా?" అన్నారాయన. తెలియదన్నాను. "రాడ్డు. నా బొటనవేలంత లావుండాల. ఏటమ్మా, పుట్టి బుద్ధెరిగాక దీన్నెవులూ ఇప్పలేదేటి?"

నాకు తల కొట్టేసినట్టయింది. అది మెగ్నీషియం కడ్డీ. ట్యాంకు ఉక్కుది, లోపల గాజు పూత ఉంటుంది, పూతలో సూది మొనంత లోపాలు ఎప్పుడూ ఉంటాయి. అక్కడ నీళ్లు ఉక్కుని తినబోతే, దానికన్నా ముందు తనని తినమని ఈ కడ్డీ ఎదురు నిలబడుతుంది. కడ్డీ ఉన్నన్నాళ్లే ట్యాంకు. అది అయిపోయాక నీళ్లు ట్యాంకు మీద పడతాయి. మాది ఎప్పుడు అయిపోయిందో దేవుడికే తెలియాలి. పాత కాగితాల కవర్లోంచి మాన్యువల్ తీస్తే, అందులో చిన్న అక్షరాల్లో రాసే ఉంది, ఏడాదికోసారి విప్పి చూడమని. వారంటీలో ఉన్నప్పుడు రెండుసార్లు సర్వీసు మనిషి వచ్చాడు, రెండుసార్లూ పైన గుడ్డతో తుడిచి సంతకం పెట్టించుకున్నాడు. ఆ మాట అతను ఒక్కసారి అన్నా బాగుండేదని నా కచ్చ. నేను చదివినా బాగుండేది, అదీ నిజమే.

ఇక నేను మెచ్చుకున్న చిటపట. మా అపార్ట్‌మెంట్‌లో వాడకానికి బోరు నీళ్లు. ఉప్పు కాదు గానీ గట్టి నీళ్లు, సబ్బు నురగ రాదు. కాగేకొద్దీ వాటిలో కరిగిన సున్నం విడిపోయి ఎలిమెంట్‌కి పొరలు పొరలుగా పట్టుకుంటుంది. ఆ పొర కింద చిక్కిన నీళ్లు ఆవిరై పగిలే చప్పుడే మాకు సంగీతం. పొర మందమయ్యేకొద్దీ ఎలిమెంట్ తన వేడిలో తనే ఉడికిపోయి చివరికి పగులుతుంది. దానికి తోడు థర్మోస్టాట్‌ని మా ఆయన మొదట్నుంచీ చివరిదాకా తిప్పి ఉంచారు. ఎంత వేడైతే అంత సున్నం.

సున్నం పడితే కరెంటు బిల్లు పెరుగుతుందని అందరూ అంటారు. మా పాత బిల్లులు తిరగేశాను, చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 25 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి రావాలంటే ఒక యూనిట్ కరెంటు, 2000 వాట్లకి అరగంట. ఎలిమెంట్ నీళ్లలోనే మునిగి ఉంటుంది, వేడి ఇంకెక్కడికి పోతుంది? కాబట్టి బిల్లు చూసి గీజర్ వయసు చెప్పలేం. చెప్పగలిగే గుర్తులు వేరే ఉన్నాయి, అవి మాకు కనిపించాయి, మేం పట్టించుకోలేదు. ముందు రెండు బకెట్లు వేడిగా వచ్చేవి, తర్వాత రెండో బకెట్ సగంలోనే చల్లబడేది. వేసవి సెలవులకి ఊరెళ్లి వచ్చాక మొదటి చెంబు పల్చటి టీ రంగులో వచ్చేది. "పైపుల్లో తుప్పు" అనుకుని పారబోసేదాన్ని. చన్నీళ్ల కుళాయిలో తెల్లగా వచ్చే నీళ్లు వేడి కుళాయిలో రంగుగా వస్తే అది పైపు కాకపోవచ్చని తట్టలేదు.

పెద్దాయన టార్చి వేసి ట్యాంకు లోపల చూపించారు. బూడిద రంగు పూత మీద అక్కడక్కడా గోధుమ మచ్చలు. "ఎలిమెంటూ రాడ్డూ మారిస్తే నడుస్తాది. ఏడాది. ఆపైన పూచీ నాది కాదు" అన్నారు. ఎలిమెంట్, రాడ్, థర్మోస్టాట్, రబ్బరు వాషర్, ఆయన కూలీ అన్నీ కలిపి 2,600 అయింది. కొత్తది 9,000 దాకా ఉంది. పౌర్ణమి రెండు రోజుల్లో ఉంది. రిపేరే చేయించాం. గీజర్ మళ్లీ వేడినీళ్లిచ్చింది, కానీ నోరు మూసుకుంది. చప్పుడు లేదు. మా అత్తయ్యగారు తలుపు దగ్గర చెవి పెట్టి విని, "పని చేస్తోందా అసలు?" అన్నారు.

తొమ్మిది నెలలు నడిచింది. 2025 ఆగస్టులో, వరలక్ష్మీ వ్రతం ముందు రోజు బాత్‌రూమ్ గోడ తుడుస్తుంటే గీజర్ కింద చుక్క కనిపించింది. మొదట కంగారుపడలేదు. సేఫ్టీ వాల్వు దగ్గర చుక్కలు పడటం మామూలే. ఆ 25 లీటర్లు 60 డిగ్రీలకి కాగితే మూడో వంతు లీటరు దాకా ఉబ్బుతాయి, ఆ ఉబ్బు ఎటో పోవాలి కదా. కానీ ఆ చుక్క గీజర్ ఆపి ఉన్నా పడుతోంది, వాల్వు దగ్గర కాదు, కవర్ అంచు నుంచి. టిష్యూ కాగితం అద్దితే తుప్పు మరక. పెద్దాయనకి ఫొటో పంపాను. "ట్యాంకు. ఇంక ఒగ్గీయండి" అని ఒక్క మాట.

ట్యాంకుకి వెల్డింగ్ పెట్టించవచ్చని ఒకరు, లోపల ఏదో పూత వేస్తారని ఇంకొకరు సలహా ఇచ్చారు. వినలేదు. మిగతా ఏది పోయినా విప్పి మార్చుకోవచ్చు. ట్యాంకు పోయాక పీడనం ఉన్న వేడినీళ్లని అతుకు మీద నమ్మడం నా వల్ల కాదు.

మరి ఆ 2,600 దండగేనా? మా ఆయన దండగంటారు. నాకైతే ఎటూ చెప్పబుద్ధి కాదు. ఆ రోజే మచ్చలు చూశాం కాబట్టి అప్పుడే మార్చేయాల్సింది, నిజమే. కానీ రాడ్ ఒక్కటి మూడో ఏడో నాలుగో ఏడో మార్చి ఉంటే ట్యాంకు ఇంకా ఉండేదేమోనన్నది నన్ను వదలడం లేదు. రైవాడ, తాటిపూడి జలాశయాల నీళ్లు కుళాయిలో వచ్చే ఇళ్లవాళ్లకి ఇంత సున్నం ఉండకపోవచ్చు, సముద్రానికి దూరంగా ఉన్నవాళ్లకి బోల్టులు ఇంత పట్టేయకపోవచ్చు. మీ ఇంట్లో అందరూ పడుచువాళ్లే అయితే ఇంకో ఏడాది లాగించినా మిమ్మల్ని తప్పు పట్టను. మాకు తెల్లవారకముందే లేచి స్నానం చేసే పెద్దావిడ ఉన్నారు. బ్రేకర్ మళ్లీ ఒక్కసారి పడినా నాకు నిద్ర పట్టదు.

కొత్తది 15 లీటర్లది తీసుకున్నాం, పిల్లలు చదువులకి వెళ్లిపోయారు కాబట్టి. పద్దెనిమిది, ఇరవై నిమిషాల్లో కాగుతుంది. షాపులో స్టార్ల గురించి చాలా చెప్పారు గానీ, ఆ స్టార్లు కాగిన నీళ్లు రోజంతా అలాగే ఉంటే ఎంత వేడి పోతుందో చెప్పేవి. మాలాగా అరగంట వేసి ఆపేసేవాళ్లకి దాని మీద అంత మోజు అక్కర్లేదు. నేను అడిగింది ఒక్కటే, "రాడ్ విడిగా దొరుకుతుందా?" అని. కౌంటర్లో అబ్బాయి లోపలికెళ్లి ఎవర్నో అడిగి వచ్చాడు. దొరుకుతుందట. థర్మోస్టాట్ 60 దగ్గరే ఉంచి, నాబ్ మీద ప్లాస్టర్ అంటించాను, మా ఆయన తిప్పకుండా.

కొత్తదాని గురించి ఇప్పుడే మంచి మాట అనను, ఒకసారి అని చూశాను కదా. దేవుడి గదిలో క్యాలెండర్ మీద నవంబర్లో ఒక ఆదివారం చుట్టూ సున్నా చుట్టి 'రాడ్' అని రాశాను. అత్తయ్యగారు మాత్రం రోజూ పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని బాత్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి, "అమ్మాయ్, కాగాయంటావా?" అని అడుగుతున్నారు.