అంబాసిడర్ ఇంజన్ సామాన్ల వేటలో నల్లగొండ నుంచి పాలమూరు దాకా

మాది 1968 నాటి అంబాసిడర్ మార్క్ 2. ఇంగ్లండు కార్ల కంపెనీ బీఎంసీ వాళ్ల డిజైన్‌తో వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. బ్లాకు, హెడ్డు గట్టిగా ఉన్నాయి, వాటి చుట్టూ బిగించే సామానే ఏళ్ల తరబడి మారిపోతూ వచ్చింది. బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో తీసేసి ఎవరో దాని బదులు మారుతి వ్యాన్ ఆల్టర్నేటర్ పెట్టారు, ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ పోయి ప్లాస్టిక్ డబ్బా వచ్చింది, గాజు గిన్నె పెట్రోల్ పంపు ఉండాల్సిన చోట రేకు ముక్క అడ్డం బిగించి పక్కన ఎలక్ట్రిక్ పంపు వేలాడదీశారు. బానెట్ ఎత్తితే ఆ కాలం బండే కనబడాలని నాకూ మా బావకూ పట్టుదల. ఆ బండిలోనే బయల్దేరాం.

సికింద్రాబాద్‌లో బండి సామాన్ల బజారు రాణిగంజ్ పోతే అన్నీ దొరుకుతాయి కదా అని చాలామంది అడిగారు. గ్యాస్కెట్లు, పాయింట్లు, కండెన్సర్, వాటర్ పంపు కిట్ అక్కడే కొన్నాం, నిజమే. కానీ అంబాసిడర్లు తయారుచేసే ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014 మేలో ఆగిపోయింది, ఇప్పుడు దుకాణాల్లో మిగిలిన సరుకు ఎక్కువగా తర్వాతి మోడళ్లదే. మార్క్ 2 కాలం డైనమో, దాని ఛార్జింగ్‌ను అదుపు చేసే కటౌట్ కావాలంటే పాతది వెతికి బాగు చేయించుకోవాల్సిందే. అంటే మనకు కావాల్సింది దుకాణం కాదు, ఆ పని తెలిసిన మిస్త్రీ. అలాంటివాళ్లు మాకు ఈ చిన్న ఊళ్లలోనే దొరికారు.

నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గర లాడ్జిలో దిగాం. గది మామూలుగా ఉంది, శుభ్రంగా ఉంది, కింద బండి పెట్టుకునే చోటుకు నీడ ఉంది, ఇక అంతకంటే ఏం కావాలి. పొద్దున్నే తుక్కు దుకాణాల మీద పడ్డాం. ఒకప్పుడు ఆఫీసుల వేలంపాటల్లో అమ్మేసిన అంబాసిడర్లు చాలావరకు ఇట్లాంటి చోట్లకే చేరి ముక్కలయ్యాయి కాబట్టి ఓపిక ఉంటే సామాను బయటపడుతుంది. ఒక దుకాణంలో డైనమో, దాని కటౌట్ డబ్బా, ఆయిల్ బాత్ క్లీనర్, గాజు గిన్నె పంపు అన్నీ ఒకే కుప్పలో కనబడ్డాయి! పంపు కొనేటప్పుడు పెట్రోల్ లోపలికి వచ్చే రంధ్రం మీద వేలు పెట్టి, కింది లీవర్ ఆడించి చూడండి. వేలిని గట్టిగా పీలిస్తే వాల్వులు బాగున్నట్టు. లోపలి రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్, ఎంత బాగా కనబడినా మార్చేయాలి, ఎందుకంటే ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, పాత రబ్బరు దానికి నిలవదు. పైపులు కూడా ఇథనాల్ తట్టుకునే రకమే వేయించాం. బయటికి కనబడేది 1968 లాగే ఉండాలి, లోపల ఇవాళ్టి పెట్రోల్‌కు తగ్గ రబ్బరు ఉండాలి, ఇందులో నాకు ఏ పట్టింపూ లేదు.

సాయంత్రం ఖాళీ ఉంటే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూడండి, ఊరికి దగ్గరే. లింగం వెనక పగలంతా కదలకుండా నిలిచే నీడను చూస్తూ బావ చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు. సూర్యాపేట కూడా పోయి చూశాం, అక్కడ అంతా లారీల పని, మన ఇంజన్‌కు పనికొచ్చేది ఏమీ కనబడలేదు.

మిర్యాలగూడ మాత్రం తప్పకుండా పోవాలి. రైస్ మిల్లుల ఊరు కాబట్టి లేత్ పని బాగా తెలిసినవాళ్లు ఉన్నారు, మిల్లు ఆగితే రాత్రికి రాత్రి బుష్ తిప్పి ఇచ్చే అలవాటు వాళ్లది. మా సమస్య మరలది. ఈ ఇంజన్ మరలన్నీ ఇంచు కొలతలు. కార్బొరేటర్ బిగించే 5/16 స్టడ్డుకు అంగుళానికి 24 చుట్లు ఉంటాయి, దానికి 8 ఎంఎం నట్టు వేస్తే మొదట ఎక్కినట్టే ఎక్కి తర్వాత మరను తినేస్తుంది. మా బండిలో ఎవరో సరిగ్గా అదే చేసి పెట్టారు. లేత్ మిస్త్రీ మర కొలిచే గేజ్ పెట్టి చూసి, "ఇంచు మర మీద మిల్లీమీటర్ నట్టు ఎక్కించిన్రు సార్, మొత్తం కొత్తవి కోస్తా" అని స్టడ్లన్నీ కొత్తగా తిప్పాడు, డైనమో వెనక బుష్ కంచులో చేసి ఇచ్చాడు. ఇంచు పానాలు మాత్రం మీరే తీసుకుపోండి: 7/16, 1/2, 9/16. షెడ్లలో ఉండేవి ఎంఎం పానాలు, 13 నంబరు పానా హాఫ్ ఇంచు బోల్టు మీద కొంచెం వదులుగా కూర్చుని మూలలు అరగదీస్తుంది.

రాత్రికి నాగార్జునసాగర్. టూరిజం వాళ్ల విజయ్ విహార్‌లో దిగాం. జలాశయం ఎదురుగా కనబడే గది అడిగి తీసుకోండి, దానికోసమే అక్కడ ఉండాలి. బండి పనికి అక్కడ ఏమీ దొరకదు. 2022లో తెరిచిన బౌద్ధ పార్కు బుద్ధవనం పొద్దున్నే చూసేసి ఎండ ముదరకముందే కదలడం మంచిది. మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ దారి ఈ ఇంజన్‌కు హాయిగా సాగే దారి. కల్వకుర్తిలో చాయ్ తాగేంతసేపు బానెట్ ఎత్తి పెట్టాం, వేడి ముల్లు సగం దాటలేదు.

మహబూబ్‌నగర్‌లో మొదట దిగిన కొత్త హోటల్లో గదులు బాగున్నాయి కానీ సెల్లార్‌లోకి దిగే వాలు మరీ నిటారుగా ఉంది, పైగా బానెట్ ఎత్తగానే వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి వద్దన్నాడు. మర్నాడు వాకిలి ఉన్న పాత లాడ్జికి మారాం. ఏసీ చప్పుడు చేస్తుంది, దోమలు ఉన్నాయి, అయినా నా ఓటు దానికే. పాత బండితో పోయేవాళ్లు గది ఫొటోల కంటే ముందు ఫోన్ చేసి వాకిలి సంగతి అడగాలి.

డైనమో వైండింగ్ చేసే చాచా షెడ్డు చూపించింది అక్కడి ఆటో డ్రైవర్లే. సామాను చూడగానే చాచా అడిగాడు: "ఆల్టర్నేటర్ మంచిగనే ఉంది గద బిడ్డా, ఎందుకు తీస్తరు?"

"అది ఈ బండితో వచ్చింది కాదు చాచా."

"అయితే అసలుదే పెడదాం, తేండ్రి."

ఆ తర్వాత ఆయన పని చూడటమే ఈ యాత్రలో నాకు దొరికిన అసలు ఆనందం. డైనమోలో తిరిగే భాగం ఆర్మేచర్ విప్పి షార్ట్ ఉందేమో చూశాడు, దాని చివర బ్రష్‌లు రాసుకునే రాగి పలకల చుట్టు, కమ్యుటేటర్‌ను లేత్ మీద సన్నగా తిప్పించాడు, ఆ పలకల మధ్య కరెంటు దాటకుండా ఉండే మైకాను హాక్సా బ్లేడు ముక్కతో ఒక్కో గాడీ గీకి కిందికి దించాడు, ఎక్కడా చెయ్యి జారలేదు. కొత్త కార్బన్ బ్రష్‌లు వేసి, డైనమో మీద వైర్లు తగిలించే డీ, ఎఫ్ టెర్మినళ్లు రెండూ కలిపి బ్యాటరీకి తగిలిస్తే డైనమో మోటారులా నెమ్మదిగా తిరిగింది. తిరిగిందంటే పని అయినట్టే. బండికి బిగించాక ఎఫ్ టెర్మినల్‌కు బ్యాటరీ వైరు ఒక్క క్షణం తాకించి తీయాలని రెండుసార్లు చెప్పాడు. అలా చేయకపోతే, బ్యాటరీ ప్లస్‌ను బాడీకి కలిపే పాత బండ్ల పాజిటివ్ ఎర్త్ పోలారిటీ లోపల మిగిలిపోయి, మా నెగటివ్ ఎర్త్ బండిలో కటౌట్ కాలిపోవచ్చు.

బిగింపు అంతా లాడ్జి వాకిట్లోనే. ఆయిల్ బాత్ గిన్నెలో ఇంజన్ ఆయిలే గీత దాకా పోయాలి, ఎక్కువైతే ఇంజన్ లాగేసుకుని పొగ కక్కుతుంది. గాలి లోపలికి వచ్చి ఆయిల్ మీద మలుపు తిరిగేటప్పుడు దుమ్ము అందులో పడిపోతుంది, మిగిలింది పైన జాలీ పట్టుకుంటుంది. పాలమూరు మట్టి రోడ్లకు ఇంతకంటే తగిన క్లీనర్ నాకు తెలియదు. పాయింట్లకు 15 థౌ (థౌ అంటే ఇంచులో వెయ్యో వంతు), టాపెట్లకు 15 థౌ, ప్లగ్గులకు 25 థౌ సందు పెట్టి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంది. రేజు కొంచెం పెంచగానే ఛార్జింగ్ చూపే అమ్మీటర్ ముల్లు ప్లస్ వైపు కదిలింది, బావ అరిచిన అరుపుకు లాడ్జివాళ్లు బయటికొచ్చారు. ఆ రాత్రి పక్క మెస్సులో జొన్నరొట్టె, నాటుకోడి కూర. ఊరు వదిలేముందు పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రి చూశాం, 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలతో కొమ్మలకు మందు ఎక్కించి కాపాడుకున్న చెట్టది.

తిరుగు దారంతా డైనమో బాగానే ఛార్జ్ చేసింది. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు లైట్లు కాస్త మసకబారతాయి, డైనమోతో అది మామూలే, భయపడక్కర్లేదు. పోవాలనుకునేవాళ్లు ఏప్రిల్, మే వదిలేయండి. చాచా శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు తీయడు, శనివారం పొద్దున్నే సామాను ఇస్తే సాయంత్రానికి చేతికిస్తాడు.