33వ రెజిమెంటు అని నమ్మి 14,400 తగలేశాను, మీరైనా జాగ్రత్త

పార్శిల్ నిన్న సాయంత్రం వచ్చింది. కోపం ఇంకా దిగలేదు, రాతలో తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఎవరి గురించో మీకు చెప్పక్కర్లేదు. మనలో సగం మంది ఆయన చేతే సైనికుల బొమ్మలకి రంగులు వేయించుకుంటున్నారు. పేరు రాయను, ‘హిస్టారికల్ యాక్యురసీ గ్యారంటీ సార్’ అనే మాట చాలు, గుర్తుపట్టేస్తారు. 28 మిల్లీమీటర్ల మెటల్ బొమ్మలు 24, ఒక్కోటి 600. డబ్బంతా ముందే పంపేశాను. అవును, అంతా. తిట్టదలుచుకుంటే తిట్టండి, నిన్నటి నుంచి నేనూ అదే పనిలో ఉన్నాను.

నేను అడిగింది 1815 వాటర్లూ యుద్ధం నాటి బ్రిటిష్ 33వ పదాతి రెజిమెంటు. హైదరాబాద్ వాడికి అది మరీ పరాయిదేం కాదు. 1799లో నిజాం సైన్యం శ్రీరంగపట్నం మీదికి వెళ్ళినప్పుడు దాంతో కలిసి నడిచింది ఈ 33వదే, నడిపించింది ఆర్థర్ వెల్లెస్లీ. పదహారేళ్ళ తర్వాత ఆయన వెల్లింగ్టన్ డ్యూక్ అయి వాటర్లూలో ఉంటే, ఈ రెజిమెంటు హాల్కెట్ బ్రిగేడులో 30, 69, 73 రెజిమెంట్ల పక్కన నిలబడింది. వీళ్ళని నా బల్ల మీద వరసగా నిలబెట్టాలని ఏళ్ళ నాటి కోరిక. నా చేతికి వణుకు, కళ్ళకి జోడు, అందుకే ఇంకొకరికి అప్పజెప్పాను.

రంగులు వేసేవాళ్ళకి తెలిసిందే కదా, ఎర్ర కోటు దాదాపు అందరికీ ఉంటుంది, రెజిమెంటుని పట్టించేది కాలరూ, కఫ్‌లూ, భుజం పట్టీల రంగు, దాన్నే ఫేసింగ్ అంటాం. 30కి లేత పసుపు, 44కి పసుపు, 69కి ఆకుపచ్చ. 33కి మాత్రం అవి కూడా ఎరుపే. కోటూ ఎరుపు, కాలరూ ఎరుపు. మోసం చేసేవాడికి ఇంతకంటే తేలికైన రెజిమెంటు ఉంటుందా? ఆ మాట ఆర్డరిచ్చేటప్పుడు నా బుర్రకి తట్టలేదు.

డబ్బా తెరవగానే సంబరపడిపోయాను కూడా. ముందు భాగం ఎత్తుగా ఉండే 1812 నమూనా షాకో టోపీలు, బూడిద రంగు పంట్లాలు, తెల్లటి అడ్డ బెల్టులు, లేత నీలం కొయ్య నీళ్ళబుర్రలు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. టేబుల్ లైటు కిందికి తెచ్చాక ఒక్కటి నచ్చలేదు. సిపాయి కోటు ఇటుక రంగులోకి దిగిన ఎరుపు. మిలమిలలాడే స్కార్లెట్ ఆఫీసర్లకీ, సార్జంట్లకీ, అది బాగానే వేశాడు. కానీ సిపాయిల కాలర్లు కోటుతో కలవడం లేదు, పండిన టమాటాలా కొంచెం నారింజ కొడుతున్నాయి. ఇరవై నాలుగూ అంతే. పుల్ల తీసుకుని ఒకడి మెడ దగ్గర మెల్లిగా గీకాను. పెచ్చు లేచింది. కింద పసుపు.

ఇంకోడు. పసుపు. సార్జంట్ని తీశాను. ముదురెరుపు నడికట్టు మధ్య చార ఫేసింగ్ రంగులో ఉంటుంది కదా, ఫేసింగే ఎరుపైన 33కి అది తెల్లగా ఉండాలి. వీడికి పసుపు! దాన్ని మార్చడానికి కూడా ఒళ్ళు బద్ధకం. ఇక జెండా. ‘ప్యాకింగ్‌లో నలుగుతుంది సార్’ అని చుట్టి రబ్బరు బ్యాండ్ వేశాడు, పంపిన ఫోటోల్లోనూ చుట్టే ఉంది. విప్పాను. 33 రెజిమెంటల్ జెండా తెల్ల బట్ట మీద ఎర్ర సెయింట్ జార్జ్ శిలువ, మూలన చిన్న యూనియన్ జెండా. నా చేతిలో ఉన్నది పసుపు బట్ట, పెళ్ళి పత్రిక అంచు కన్నా పచ్చగా. అంటే ఎవరో వద్దని తిప్పి పంపిన పసుపు రెజిమెంటుకి కాలర్ల మీద ఎరుపు పులిమి నాకు అంటగట్టాడన్నమాట.

ఫోన్ చేశాను. ఆయన గొంతులో ఎంత మర్యాదో. “అది బేస్ కోట్ సార్. ఎరుపు బాగా పలకాలంటే కింద పసుపు వెయ్యాలి, మీకు తెలీనిదేముంది.” ఇక్కడే నా తెలివి చూడండి. నిజంగానే పసుపు మీద ఎరుపు బాగా పలుకుతుంది, ఆ కిటుకు నాకూ తెలుసు. దాంతో ఒక్క నిమిషం ఆయనకే సారీ చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది.

“మరి జెండాకి కూడా బేస్ కోటేనా అండీ?” అన్నాను.

అవతల చప్పుడు లేదు. ఫ్యాను తిరుగుతున్న శబ్దం వినపడింది. తర్వాత వచ్చిన మాట ఇది, అక్షరం మార్చకుండా రాస్తున్నా: “సార్, మీరు బొమ్మలు చూసుకోడానికి కొన్నారా, గోక్కోడానికి కొన్నారా?”

ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే నంబరు బ్లాక్. డబ్బు కంటే ఆ ‘గోక్కోడానికి’ అన్న మాటే రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. మా ఆవిడ మాత్రం “పోనీలెండి, దసరాకి బొమ్మల కొలువులో పెడదాం” అంది. పద్నాలుగు వేల కొలువు!

కొనేవాళ్ళకి రెండు ముక్కలు. కాలరు, కఫ్‌లు, సార్జంట్ నడికట్టు, విప్పిన జెండా, వీటి ఫోటోలు పగటి వెలుగులో తీసి పంపమనండి. ఆరేసి బొమ్మల చొప్పున చేయించుకుని ఆరేసికే డబ్బివ్వండి. ఎర్ర ఫేసింగ్ రెజిమెంటు అయితే ఇంకాస్త అనుమానపడండి.

రంగు ఊడగొట్టి నేనే వేసుకుందామని ఇవాళ పొద్దున ఆరుగురిని డెట్టాల్ సీసాలో నానబెట్టాను, ఇల్లంతా ఆసుపత్రి వాసన. ఇందాకే ఒకణ్ణి తీసి పాత టూత్ బ్రష్‌తో రుద్దాను. ఎరుపు పోయింది, పసుపు పోయింది. దాని కింద ఆకుపచ్చ ఉంది. 33, 30, 69. ఒక్క కాలరు మీదే హాల్కెట్ బ్రిగేడు దాదాపు మొత్తం దిగిపోయింది.