కామాల కోసమైతే వద్దు, యాస కోసమైతే తీసుకోండి

మా కంపెనీ ఇంగ్లీష్ ప్రకటనలు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా మూడు చోట్లకీ ఒకే మెయిల్‌లో వెళ్తాయి, అందుకే ఈ ఆన్‌లైన్ ప్రూఫ్‌రీడింగ్ సర్వీస్ తీసుకున్నాం. స్పెల్లింగ్, కామాల కోసమే అయితే డబ్బులు దండగ, అవి ఏ సాఫ్ట్‌వేరైనా పట్టేస్తుంది. నాకు నచ్చింది ఏంటంటే, ఫైల్ పంపగానే ఇది ఏ దేశం వాళ్లు చదువుతారని అడుగుతారు.

కొత్త వెర్షన్ ప్రకటనలో 'స్లేటెడ్ ఫర్ జూన్' అని రాశాం. అమెరికాలో జూన్‌కి ఖాయమైందని అర్థం, బ్రిటన్‌లో మాత్రం 'స్లేటెడ్' అనగానే ఎవరో ఉతికి ఆరేశారనే తడుతుంది. దాన్ని 'షెడ్యూల్డ్' చేశారు. చివర్లో కస్టమర్లకి 'వియ్ ఆర్ రూటింగ్ ఫర్ యూ' (మీ గెలుపే కోరుకుంటున్నాం) అని ప్రేమగా రాసుకున్నాం కదా, ఆస్ట్రేలియాలో ఆ 'రూట్' పచ్చి బూతట! గ్రామర్ చెకర్ దాన్ని కిమ్మనకుండా వదిలేసింది, గ్రామర్ తప్పేం లేదు మరి. ఎజెండాలో 'టేబుల్' అన్న మాట ఇంకా ప్రమాదం, బ్రిటన్ వాళ్లకి అది చర్చకు పెట్టడం, అమెరికా వాళ్లకి చర్చ పక్కన పెట్టడం. కొత్త మేనేజర్ పరిచయంలో మన అలవాటు కొద్దీ రాసిన 'పాస్డ్ అవుట్ ఇన్ 2015' కూడా తీసేశారు, అమెరికన్ చదివితే పాపం ఆయన ఆ ఏడాది స్పృహ తప్పి పడిపోయాడనుకుంటాడు. ఏది నెలో ఏది రోజో తేలని 04/05 తేదీలో నెల పేరు అక్షరాల్లో వేశారు. మంచి పని.

లోపాలూ ఉన్నాయి. అర్జెంట్ ఆప్షన్‌లో ఎడిటర్ మారిపోతారు, ఒకాయన 'ఆర్గనైజ్'లో జెడ్ ఉంటే అమెరికన్ స్పెల్లింగే అని డాక్యుమెంట్ మొత్తం ఎస్ చేసి పంపాడు, బ్రిటన్‌దే అయిన ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ వాళ్లు జెడ్‌తోనే రాస్తారని గుర్తుచేస్తే గానీ వెనక్కి తగ్గలేదు. ఇంకోటి, స్లాంగ్ అనుమానం వస్తే చాలు తీసిపారేస్తారు, దాంతో కాస్త సరదాగా రాసిన ప్రకటన కూడా బ్యాంక్ నోటీసులా తయారవుతుంది.

ఒకే దేశానికి పంపేవాళ్లకి ఇది అనవసరం. తీసుకుంటే మాత్రం వాళ్లు అడిగినప్పుడు నోట్స్ బాక్స్‌లో దేశాల పేర్లు తప్పకుండా రాసేయండి, ఖాళీగా వదిలితే అంతా అమెరికన్ ఇంగ్లీష్‌లోకి మార్చేస్తారు.