బూరెది గోధుమ రంగు, మంచం మీద దొరికింది తెల్ల వెంట్రుక

మాఘమాసంలో మా పిన్ని కూతురి పెళ్ళి, విశాఖలో, మధురవాడ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో. నాలుగు రాత్రులు ఉండాలి. మామూలుగా అయితే బూరెని మేడ మీద వాళ్ళకి అప్పగించి వెళ్తాం, ఈసారి వాళ్ళూ ఊళ్ళో లేరు, బోర్డింగ్‌లో పెడితే మూడు రోజులు అన్నం ముట్టదు, ఇక చేసేదేముంది, కారెక్కించుకుని బయల్దేరాం. బూరె అంటే మా కుక్క. మూడేళ్ళ క్రితం బందరు రోడ్డు మీద దొరికిన నాటు కుక్కపిల్ల, రంగు అచ్చం అప్పుడే నూనెలోంచి తీసిన బూరెలా ఉందని ఆ పేరు పెట్టాం.

రైల్లో ఎందుకు వెళ్ళలేదని పెళ్ళిలో అందరూ అడిగారు. టూటైర్, త్రీటైర్, స్లీపర్ వేటిలోనూ కుక్కని ఎక్కనివ్వరు. ఫస్ట్ ఏసీలో కూపేగానీ క్యాబిన్‌గానీ మొత్తం మనమే బుక్ చేసుకోవాలి, లేదంటే గార్డు పెట్టెలో డాగ్‌బాక్స్ ఉంటుంది, అందులో పెట్టి పంపాలి. ఆ బాక్స్ ఒకసారి చూశాను, మళ్ళీ చూడాలని లేదు. కారైతే విజయవాడ నుంచి సుమారు 350 కిలోమీటర్లు. అన్నవరం దగ్గర ఆగి ప్రసాదం కొన్నాం, అడ్డాకు పొట్లం విప్పీ విప్పగానే ఆ నేతివాసనకి వెనక సీట్లోంచి ఒక తడి మూతి నా భుజం మీదికి వచ్చేసింది.

అన్నయ్య, వదిన, వాళ్ళమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చారు. మా మేనకోడలికి ఎనిమిదేళ్ళు, ఆస్తమా ఉంది, కుక్కలూ పిల్లులూ పడవని టెస్టు చేసి చెప్పారు. దానికేమో కుక్కలంటే ప్రాణం. అంటే మా ఒక్క కుటుంబంలోనే రెండు పార్టీలన్నమాట, కుక్క ఉన్నవాళ్ళం మేం, కుక్క పడనివాళ్ళు వాళ్ళు. హోటళ్ళ గురించి ఎవరైనా రాస్తే ఏదో ఒక పక్షం నుంచే రాస్తారు, నాకు ఆ సౌకర్యం లేదు.

మొదట దిగింది బీచ్ రోడ్డులో ఒక హోటల్లో. పేరు రాయను. ఆర్కే బీచ్‌కి నడిచి వెళ్ళొచ్చు, టిఫిన్లో ఉప్మా పెసరట్టు బాగుంది, లిఫ్టు మాత్రం మహా నెమ్మది. బుకింగ్ యాప్‌లో కుక్కలు రావచ్చని పంజా బొమ్మ కూడా పెట్టారు. తీరా వెళ్ళాక కుక్కకి రాత్రికి 1,500, పైన డిపాజిట్ 3,000 అన్నారు. ఫోన్ చేసినప్పుడు చెప్పలేదేం అంటే "మీరు అడగలేదు కదా మేడమ్" అన్నాడు రిసెప్షన్‌లో కుర్రాడు. కుక్క ఉన్నవాళ్ళకి సముద్రం వైపు గదులివ్వరట, వెనకవైపు జనరేటర్ పక్క గది ఇచ్చారు. సర్వీస్ లిఫ్టులోనే తిప్పాలి, డైనింగ్ హాల్లోకి తేకూడదు. వీటికి నాకేం అభ్యంతరం లేదు, పదిమంది తినేచోట కుక్క ఎందుకు. ఈ 1,500 దేనికండీ అని అడిగాను. "డీప్ క్లీనింగ్‌కి మేడమ్" అన్నాడు.

అన్నయ్యవాళ్ళకి నాలుగో అంతస్తులో సముద్రం వైపు గది. పాపకి ఆస్తమా, కుక్కలు దిగే గది అసలు వద్దని నేనే దగ్గరుండి చెప్పాను. ఆ ఫ్లోర్‌కి పెట్స్ రానే రావన్నారు.

రాత్రి ఒంటిగంటకి వదిన ఫోన్. పిల్ల ఒకటే దగ్గు, ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు. ఇన్హేలర్ కొట్టారు, కిటికీ తీసి సముద్రపు గాలికి కూర్చోబెట్టారు, మూడింటికి సర్దుకుంది. నేను పైకి వెళ్తే ఇంకా ఎక్కువవుతుందేమోనని మెట్ల దగ్గరే నిలబడిపోయాను.

పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్ళాను. దుప్పట్లు మల్లెపువ్వులా ఉన్నాయి, ఇస్త్రీ మడతలు కూడా పోలేదు. కానీ మంచానికి కాళ్ళ వైపు అందం కోసం అడ్డంగా ఒక గుడ్డ పరుస్తారు చూడండి, ఇక్కడ మెరూన్ వెల్వెట్‌ది, వదిన దాన్ని తిరగేసింది. నిండా వెంట్రుకలే. వెల్వెట్‌లో గుచ్చుకుపోయి, కొసలు మాత్రం బయటికి కనబడుతూ, రెండంగుళాల పొడుగు, తెల్లగా, దూదిపోగుల్లా. మేనేజర్ వచ్చాడు, చూశాడు, "కుక్కని తెచ్చింది మీరే కదా మేడమ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కిందికెళ్ళి బూరె వీపు దులిపి నాలుగు వెంట్రుకలు తెచ్చి అరచేతిలో వాటి పక్కన పెట్టాను. బూరెవి పొట్టివి, బిరుసువి, గోధుమ రంగు. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని ఆ చేతిని కాసేపు చూసి, "గది మారుస్తాం" అన్నాడు. సారీ అనే మాట మాత్రం రాలేదు.

అసలు సంగతి సామాన్లు మోయడానికి వచ్చిన రూమ్ బాయ్ చెప్పాడు. "నిన్న పొద్దున్నే ఖాళీ సేసి ఎల్లారు మేడమ్, పామేరియన్ కుక్కతోటి. సీ వ్యూయే కావాలని గొడవ పడితే ఇచ్చేసినారు." గదులు శుభ్రం చేసేవాళ్ళకి ఒక్కొక్కరికి రోజుకి 15 గదులట. దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు మారుస్తారు, నేల ఫినాయిల్‌తో తుడుస్తారు. వెల్వెట్ గుడ్డా, సోఫా, కర్టెన్లూ? నవ్వి ఊరుకున్నాడు. మరి ఆ పామేరియన్ వాళ్ళు కట్టిన 1,500 దేనికి ఖర్చయింది? నా కోపమంతా అక్కడే. ఆ గదిలో కుక్క పడుకుంటే తప్పు కాదు, పడుకోవడానికి డబ్బు కూడా తీసుకున్నారు. ఆ డబ్బుతో చెయ్యాల్సిన పని చెయ్యకుండా, తర్వాత దిగిన మనిషి అడిగినా అబద్ధం చెప్పారు.

వెంట్రుకలు ఏరేస్తే అయిపోతుందని మనం అనుకుంటాం గానీ, అలర్జీ తెచ్చేది వెంట్రుక కాదు. కుక్క లాలాజలంలో, చర్మం మీంచి రాలే సన్నని పొట్టులో, మూత్రంలో ఉండే ప్రొటీన్లు. వెంట్రుకలు వాటిని మోసుకొస్తాయి, అంతే. సోఫాల్లో, పరుపుల్లో, కార్పెట్లలో అవి నెలల తరబడి ఉండిపోతాయి, పిల్లివైతే మరీ మొండివి. గదికి స్ప్రే కొట్టినా, అగరబత్తి వెలిగించినా వాటికేం కాదు, పైగా ఆస్తమా ఉన్నవాళ్ళకి ఆ పొగ ఇంకో తంటా. గుడ్డ అన్నది ఏదున్నా వేడినీళ్ళలో ఉతకాలి, మిగతావి హెపా ఫిల్టర్, అంటే అతి సన్నని ధూళిని కూడా పట్టేసే జల్లెడ, ఉన్న వాక్యూమ్‌తో లాగాలి. మామూలు వాక్యూమ్ అయితే ఆ సన్నని పొట్టు వెనకనుంచి మళ్ళీ గదిలోకే ఊదేస్తుంది. ఇక మూత్రం వాసన సంగతి విశాఖ లాంటి చోట వేరే చెప్పాలా. పొడి గాలిలో ఎండిపోయి మనకి తెలియదు, గాలిలో తేమ ఎక్కగానే మళ్ళీ లేస్తుంది. మా వెనకగదిలో ఏసీ నడిచినంతసేపూ ఏమీ లేదు, కరెంటు పోయిన పావుగంటకి కర్టెన్ మూల నుంచి గుప్పుమంది. బూరె తిన్నగా ఆ మూలకే వెళ్ళి వాసన చూసి కాలెత్తబోయింది, అరిచి లాక్కొచ్చాను. దీనికి ఆ వాసన తెచ్చే పదార్థాన్నే విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్లు వేరే ఉంటాయి, ఫినాయిల్ కేవలం పైపూత. పిల్లులతో తిరిగేవాళ్ళు అయితే ఫినాయిల్ ఉందో లేదో ముందే అడగండి, అందులో ఉండే ఫినాల్ అనే రసాయనాన్ని పిల్లి లివర్ సరిగా విరగ్గొట్టలేదు, తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే ప్రమాదం.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ముందురోజు సాయంత్రం స్టేషన్‌లో పిల్లని ఎత్తుకుని ముద్దాడింది నేనే, ఆరేడు గంటలు బూరె పక్కన కూర్చున్న బట్టలతోనే. ఈ ప్రొటీన్లు బట్టల మీద కూడా వస్తాయి. కాబట్టి ఆ రాత్రి దగ్గులో నా వాటా ఎంతో, పామేరియన్ వాటా ఎంతో చెప్పలేను. వదిన ఆ మాట అనలేదు, అనదు కూడా.

డిపాజిట్ 3,000లో 800 కోసుకుని ఇచ్చారు, వెంట్రుకలు పడ్డాయని.

తర్వాతి రెండు రాత్రులు మావారూ నేనూ బూరెతో భీమిలి రోడ్డులో ఒక హోమ్‌స్టేకి మారిపోయాం. అన్నయ్యవాళ్ళు మారిన గదిలోనే ఉన్నారు, వెల్వెట్ గుడ్డా సోఫా కవర్లూ దగ్గరుండి తీయించేసి. హోమ్‌స్టే ఆవిడ రిటైరయిన టీచరు. ఫోన్లోనే ఆవిడ నన్ను ఇంటర్వ్యూ చేసింది, ర్యాబిస్ టీకా ఎప్పుడు వేయించారు, గోమార్ల మందు, అదే కుక్కల ఒంటికి పట్టి రక్తం తాగే పురుగులకి వేసేది, ఎప్పుడు వేశారు, మంచం ఎక్కుతుందా. వెళ్ళగానే వ్యాక్సిన్ పుస్తకం అడిగి తేదీలు చూసింది. గేటు పక్కనే పంపు, పాత తువ్వాళ్ళు ఒక బకెట్లో. "మంచం ఎక్కనివ్వకండమ్మా, ఎక్కి తీరుతుందంటే ఇదిగో ఈ పాత దుప్పటి పైన వేసుకోండి" అంది. గదిలో కార్పెట్ లేదు, సోఫా లేదు, ఎర్ర గచ్చు నేల, పేము కుర్చీలు, కర్టెన్లు పల్చటి నూలువి. నాలుగు గదుల్లో రెండు మాత్రమే కుక్కలకి, మిగతా రెండింట్లో ఎవరు బతిమాలినా ఇవ్వదట. గోడకి వేలాడే రిజిస్టర్లో ఏ గదిలో ఏ తారీఖున కుక్క దిగిందో రాసి ఉంటుంది. గది 2,800, కుక్కకి 500.

ఇబ్బందులూ ఉన్నాయి, దాచను. నీళ్ళు ఉప్పన, తలకి సబ్బు నురగ రాదు. రాత్రి ఎనిమిదిన్నర దాటితే భోజనం లేదు. పక్కగదిలో ఒక ల్యాబ్రడార్, అదీ మాదీ తెల్లవార్లూ గోడకి అటూ ఇటూ సంభాషణ. దోమలు. కానీ మళ్ళీ విశాఖ వెళ్తే అక్కడికే.

బూరెని సముద్రానికి తీసుకెళ్ళాలంటే ఋషికొండ కుదరదు. అక్కడికి 2020లో బ్లూ ఫ్లాగ్ అని, శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, ఆ నిబంధనల్లోనే కుక్కలూ ఇతర పెంపుడు జంతువుల్ని బీచ్ మీదికి గట్టి కట్టడితో తప్ప రానివ్వకూడదని ఉంది. మంచిదే, పిల్లలు ఇసుకలో చేతులు పెట్టి ఆడుకునే చోటు. మేం మంగమారిపేట వైపు వెళ్ళాం, తెల్లారగట్ల, మెడకి బెల్ట్ వదలకుండా. కవర్ తీసుకెళ్ళి అది చేసిందంతా ఎత్తాను, అక్కడ వలలు బాగుచేసుకుంటున్న ఒకాయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. అంతా సవ్యంగా జరిగిందనుకునేలోపు మావారి చేతిలోంచి బెల్ట్ జారింది. ఇసుక మీద ఆరబెట్టిన ఎండుచేపలు. బూరె తినలేదు, వాటి మీద పడుకుని నాలుగు కాళ్ళూ ఆకాశానికి ఎత్తి పొర్లింది. 300 ఇచ్చి ఆ చేపలు కొన్నాం. హోమ్‌స్టే గేటు దగ్గర టీచరమ్మ ముక్కుకి కొంగు అడ్డంపెట్టుకుని పైపు చేతికిచ్చింది, మూడుసార్లు షాంపూ పెట్టేదాకా లోపలికి రానివ్వలేదు. కుక్కలున్న మనకి వాసన అలవాటైపోతుంది, ఎదుటివాళ్ళ ముక్కుతో చూసుకోవాలంటే ఇలాంటి ఒక మనిషి గేటు దగ్గర ఉండాలి.

పెళ్ళిలో మావారి స్నేహితుడొకాయన కలిశారు. బ్యాంకు ఉద్యోగి, చూపు లేదు, తెల్లకర్రతో నడుస్తారు. మావారు హోటల్ కథంతా చెప్పి, సర్వీస్ డాగ్, అంటే వికలాంగులకి సాయం చేసేలా శిక్షణ ఇచ్చిన కుక్క, అని రాసిన జాకెట్లు ఆన్‌లైన్లో దొరుకుతాయట, బూరెకి ఒకటి తొడిగి ఉంటే 1,500 మిగిలేవి అని జోక్ వేశారు. ఆయన నవ్వలేదు. అమెరికాలో చట్టం ప్రకారం హోటల్ వాళ్ళు రెండే ప్రశ్నలు అడగాలట, వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా, ఏ పని చేయడానికి దీనికి శిక్షణ ఇచ్చారు. కాగితాలు అడగకూడదు, పెట్ ఫీజు తీసుకోకూడదు, గది పాడుచేస్తే మాత్రం అందరి దగ్గరా వసూలు చేసినట్టే చేయొచ్చు. అదుపు తప్పితే బయటికి పంపొచ్చు. పక్కవాళ్ళకి అలర్జీ అన్న కారణంతో కాదనకూడదు, ఇద్దరినీ దూరం దూరం గదుల్లో పెట్టి సర్దాలి. ఊరికే తోడు కోసం, మనసుకి ధైర్యం కోసం ఉండే కుక్క ఆ లెక్కలోకి రాదు. "అందుకే జాకెట్లు తొడిగేవాళ్ళు తయారయ్యారు. రేపు నాలాంటివాడు నిజంగా కుక్కతో వస్తే ఎవరు నమ్ముతారండీ" అన్నారు. మావారి మొహం చిన్నబోయింది.

మీరు అలాంటి కుక్కని పెట్టుకోవచ్చు కదా అని నేను అడిగాను, తెలివితక్కువగానే. "ఫుట్‌పాత్ మీద నా కర్రకే దారి లేదమ్మా. కుక్కతో బయల్దేరితే జగదాంబ జంక్షన్ చేరేలోపు పది వీధికుక్కలు చుట్టుకుంటాయి, అప్పుడు దాన్ని నేను కాపాడాలి." మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం వివక్ష చూపొద్దంటుంది, నిజమే, ఆ సంగతి రిసెప్షన్ కుర్రాడికి ఎవరు చెప్పాలి అన్నారు. తర్వాత వడ్డన మొదలైంది, మాటలు పప్పుచారు మీదికి పోయాయి.

ఆఖరి రాత్రి ఎంవీపీ కాలనీలో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్. మర్నాడు పొద్దున్నే సింహాచలం వెళ్ళాలని. కుక్కలకి ఫీజే లేదన్నారు, సంబరపడ్డాం. విజయవాడ వచ్చాక బూరె చెవి వెనక రెండు గోమార్లు, ముందు కాలివేళ్ళ సందులో ఇంకోటి. ఇవి గోడ పగుళ్ళలో గుడ్లు పెట్టి ఇంట్లోనే సంసారం చేస్తాయి, గది మొత్తానికి మందు కొట్టిస్తే తప్ప పోవు. ఫీజు తీసుకుని శుభ్రం చేయనివాడొకడు, తీసుకోకుండా చేయనివాడొకడు. సింహాచలంలో మేం వంతులవారీగా దర్శనం చేసుకున్నాం, ఒకరు కొండ కింద నీడలో కారు తలుపులు తీసుకుని బూరెతో కూర్చుని.

వేసవి సెలవులకి మేనకోడలు మళ్ళీ విశాఖ అంటోంది, ఈసారి బూరె లేకుండా నేను వాళ్ళతో వెళ్తాను. మొన్న గది కోసం ఫోన్లు చేశాను. కుక్కల్ని రానిస్తారా అని అడగడం మానేశాను, ఈ గదిలో చివరిసారి కుక్క ఎప్పుడు దిగింది అని అడుగుతున్నాను. ఇద్దరు ఠక్కున "అస్సల్లేదు మేడమ్" అన్నారు. ఒకాయన విసుక్కుని పెట్టేశాడు. నాలుగో చోట ఒకమ్మాయి "ఒక్క నిమిషం, హౌస్‌కీపింగ్‌ని అడిగి చెప్తాను" అని వెళ్ళి, నిజంగానే ఐదు నిమిషాలు నన్ను లైన్లో ఉంచింది. అక్కడే బుక్ చేశాను.