షుగర్ ఉన్న పసిపిల్లను చూసుకునే మనిషి: హనుమకొండలో మూడేళ్ల అనుభవం

మా పాపకు రెండున్నరేళ్లప్పుడు టైప్ 1 షుగర్ అని తేలింది. ఇప్పుడు ఆరో ఏడు నడుస్తోంది. మొదటి ఐదు నెలలు నేనే సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. తర్వాత ఆరు వారాలు డే కేర్, నాలుగు నెలలు ఏజెన్సీ పంపిన అటెండెంట్, అప్పటినుంచి ఇప్పటిదాకా రెండేళ్లకు పైగా మా నయీంనగర్ వీధిలోనే ఉండే అవ్వ. నాలాగే ఉద్యోగం వదలలేక, పిల్లను వదిలి వెళ్లలేక సతమతమయ్యే అమ్మానాన్నలకు పనికొస్తుందని ఈ మూడింటి సంగతీ రాస్తున్నాను.

డే కేర్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చేర్చేముందు అన్నీ వివరించాను, తలూపారు. ఒకరోజు సాయంత్రం నాలుగింటికి వెళ్తే "మీ పాప మస్తు మంచిదండీ, రెండు గంటల నుంచి పండుకునే ఉంది" అన్నారు. ఏసీ గదిలో పిల్ల జుట్టు చెమటతో తడిసి ఉంది. అక్కడే వేలికి గుచ్చి చూస్తే 48. డెబ్బైకి కిందికి పోతేనే 'లో', అంటే షుగర్ పడిపోయింది, అంటారు. అదృష్టం, మింగే తెలివి ఉంది. గ్లూకోజ్ నీళ్లు తాగించి, ఆమె కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టేదాకా నేల మీదే కూర్చున్నాను. వాళ్లను తిట్టాలని లేదు. ఇరవై మంది పిల్లలకు ఇద్దరు ఆయాలు. ఏడవకుండా పడుకున్న పిల్ల వాళ్లకు వరం. మాకు అదే ప్రమాదం. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్, అంటే ఉద్యోగుల పిల్లలను చూసుకునే చోటు, ఉండాలని 2017లో చట్టం సవరించారు కానీ, మా ఆఫీసులో ఉన్నదే పదకొండు మందిమి.

ఏజెన్సీ మనిషి మీద చాలా ఆశ పెట్టుకున్నాను. నెలకు పద్దెనిమిది వేలు. నర్సింగ్ చదివింది, సూది వెయ్యడంలో నాకంటే చెయ్యి తేలిక. ఇక దిగుల్లేదనుకున్నాను. కానీ ఆమె చూసిందంతా పెద్దవాళ్ల షుగర్. అన్నం తగ్గించాలి, జొన్నరొట్టె పెట్టాలి, తీపి కనబడకూడదు, అదే లెక్క. ఒక మధ్యాహ్నం మీటర్‌లో 210 వచ్చింది. నేను ఫోన్లో చెప్పినట్టే ఇన్సులిన్ వేసింది, ఆ తర్వాత "షుగర్ ఎక్కువుంది కదా మేడం" అని అన్నం సగమే పెట్టింది. వేసిన మందేమో పూర్తి అన్నానికి. రెండు గంటలు తిరక్కముందే 61. టైప్ 1 పిల్లల ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలను సొంత రోగనిరోధక వ్యవస్థే పాడుచేస్తుంది, అందుకే బయటినుంచి వేస్తాం, వేసినదానికి తగ్గట్టు తిండి పడాలి. ఇది నాలుగుసార్లు చెప్పాను. ఐదోసారి కూడా సగం గిన్నె తిరిగి వంటింట్లోకే వచ్చింది. తెలియదని కాదు, వేరే జబ్బు సంగతి బాగా తెలుసు. దాన్ని మరిపించడం నావల్ల కాలేదు.

అవ్వ సంగతికి వస్తాను. అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేసింది. అరవై దాటాయి. చదువు పెద్దగా లేదు, అంకెలు మాత్రం తడుముకోకుండా చదువుతుంది. మొదటిరోజు అన్న మాట: "నాకేం తెల్వదు బిడ్డా. నువ్వు చెప్పింది చేస్త. తెల్వకుంటే ఫోన్ చేస్త." ఆ రెండో వాక్యం కంటే మూడోది ఎంత విలువైనదో నాకు తర్వాత తెలిసింది. ఇంకొకటి, గుచ్చడం నేర్పుతానంటే "ముందు నాకు గుచ్చు, ఎంత నొప్పైతదో సూస్త" అంది. ఏజెన్సీ ఆమె నవ్వి ఊరుకుంది ఆ పనికి. అప్పటినుంచి ఎవరికి నేర్పినా నా మొదటి పరీక్ష అదే. తన వేలికి గుచ్చుకోని మనిషికి పిల్ల వేలు ఇవ్వను.

నేర్పడానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ నేను ఇంట్లోనే ఉన్నాను. గోడకు ఒక అట్ట తగిలించాను. 70 కింద ఎర్ర గీత: ఒక టీ చెంచా గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ గుచ్చాలి. (మా పాప బరువుకు మా డాక్టర్ చెప్పిన కొలత ఇది, మీ పిల్లకు మీ డాక్టర్‌నే అడగండి.) బిస్కెట్, చాక్లెట్ వద్దు, వాటిలో కొవ్వు వల్ల తీపి ఒంటికి ఆలస్యంగా ఎక్కుతుంది. 250 పైన ఇంకో గీత: నాకు ఫోన్. మాట పలకకుండా పడిపోతే నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. మీటర్ చాలా ఎక్కువైనా చాలా తక్కువైనా అంకె బదులు ఇంగ్లిష్ అక్షరాలు చూపిస్తుంది. అవి అవ్వకు రావు. "అంకె కాకుండా ఏది కనబడ్డా ఫోన్ చెయ్" అన్నాను, సరిపోయింది.

ఇన్సులిన్ ఆమె సొంతంగా వెయ్యదు. పెన్నులా ఉండే సూది, అర యూనిట్ చొప్పున మోతాదు తిప్పుకునే ఇన్సులిన్ పెన్ మాది. మధ్యాహ్నం వీడియో కాల్ చేస్తుంది, గిన్నెలో అన్నం చూపిస్తుంది, నేను లెక్క చెప్తాను, పెన్ తిప్పి కెమెరా ముందు పెడుతుంది, నేను ఊ అన్నాక వేస్తుంది. అన్నానికి ఒకే స్టీలు గిన్నె, అంచు సమంగా. ఇడ్లీల లెక్క సులువు. సర్వపిండి మాత్రం ఇప్పటికీ కొరుకుడు పడదు. బియ్యప్పిండే అయినా నూనె, పల్లీలు ఉంటాయి కాబట్టి మొదట్లో ఏమీ పెరగదు, మూడు గంటల తర్వాత ఎక్కి కూర్చుంటుంది. అవ్వ చేసే సర్వపిండి వద్దనే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదు.

రెండు సంఘటనలు చెప్పాలి. పోయిన ఎండాకాలం ఫోన్ చేసి 386 అంది. నాకు చెమటలు పట్టాయి, ఎంత మందు వెయ్యాలో లెక్క కూడా వేసేశాను. చెప్పబోతుంటే "ఆగు బిడ్డా, ఇప్పుడే మామిడిపండు ముట్టింది, చేతులు కడగలే" అంది. సబ్బుతో కడిగి మళ్లీ గుచ్చితే 140. నేను లెక్కేసిన మందు వేసి ఉంటే ఏమయ్యేదో రాయడానికి కూడా ఇష్టం లేదు. రెండోది సెన్సార్ గురించి, అంటే ప్రతిసారీ వేలికి గుచ్చకుండానే షుగర్ అంకె చూపించే బిళ్ల. పాపకు నాలుగేళ్లు నిండాక భుజానికి సెన్సార్ పెట్టించాం. ఒక్కొక్కటి పద్నాలుగు రోజులే వస్తుంది, నాలుగైదు వేలు, అందుకని నెలకు ఒకటే కొంటాం. అది ఉన్న రోజుల్లో అంకె నా ఫోన్‌కూ వస్తుంది. ఒక మధ్యాహ్నం 55 అని మోగింది. నేను ఆఫీసు మెట్లు దిగుతూ ఫోన్ చేస్తే, "ఆ చెయ్యి మీదనే ఒరిగి పండుకుంది, వేలు గుచ్చిన, 112 ఉంది" అంది. సెన్సార్ మీద బరువు పడితే అలా తప్పుడు లో చూపిస్తుందని నేను చదివాను, అవ్వ కళ్లతో చూసి పట్టుకుంది. సెన్సార్ కొన్నాం కదా, ఎవరున్నా నడుస్తుందనుకునేవాళ్లకు ఇది చెప్తున్నాను.

ఎండాకాలంలో ఇన్సులిన్‌దో కథ. మే నెలలో ఇక్కడ ఎండ 44 దాటుతుంది, కరెంటు పోతుంది. వాడుతున్న పెన్‌ను కొత్త కుండలో ఇసుక పోసి తడిపి, మధ్యలో గ్లాసు పెట్టి అందులో ఉంచుతాం. తెరవనివి ఫ్రిజ్‌లో, గడ్డకట్టే అరలో మాత్రం కాదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. లో వచ్చిందంటే అవ్వకు ప్రాణం ఆగదు. ఒక చెంచా చాలన్నా రెండు, పైన అరటిపండు, గంట తర్వాత 280. ఈ అలవాటు మాన్పించడానికి ఆరు నెలలు పట్టింది, మొన్న మేడారం బంగారం ముక్క నోట్లో పెట్టినప్పుడు పూర్తిగా మానలేదని తెలిసింది. బెల్లమే కదా, అదీ అమ్మవార్ల ప్రసాదమట! పెళ్లిళ్లు, బతుకమ్మ, ఊళ్లో చావులు, చెప్పకుండా రెండేసి రోజులు మాయం. ఆ రోజుల్లో నాకో, మా ఆయనకో సెలవే. రాత్రిళ్లు ఉండదు. డబ్బు పన్నెండు వేలు, ఏజెన్సీ కంటే తక్కువే. కానీ పండక్కి చీర, ఆమె మందుల ఖర్చు కలిపి చూసుకోవాలి.

చుట్టాల సాయం ఎందుకు తీసుకోలేదని అడుగుతారు. మా బాపమ్మకు నేర్పితే "ఒక్క లడ్డుతోటి ఏమైతది" అంది. మా పెద్దమ్మ పసరు మందు పేరు చెప్పి ఇన్సులిన్ ఆపెయ్యమంది. ఇంకొకావిడ, ఆడపిల్ల కాబట్టి బయట చెప్పకండని సలహా ఇచ్చింది. చెప్పకుండా పిల్లను ఎవరి చేతిలో పెట్టాలో ఆమె చెప్పలేదు.

పదికి మార్కులు వెయ్యమంటే డే కేర్‌కు రెండు, ఏజెన్సీకి నాలుగు, అవ్వకు ఎనిమిది. వచ్చే నెల అవ్వకు కంటి ఆపరేషన్. పెన్ మీద అంకె మసకగా కనబడుతోందని తానే చెప్పింది. ఆ రెండు వారాలకు ఆమె కోడలిని తయారుచేస్తున్నాం. నిన్న సాయంత్రం ఆ అమ్మాయి మా వంటింట్లో కూర్చుని తన వేలికి గుచ్చుకోబోతే, అవ్వ మోచెయ్యి పట్టి ఆపింది. "నడిమిట్ల గాదే, పక్కకు. నడిమిట్ల గుచ్చితే రేపటిదాంక సలుపుతది. ముందుగాల చేతులు కడుక్కో పో."