ఫోటోలో నూనె కనపడదు

క్యాలరీలు చెప్పే ఫోన్ యాప్ ఒకటి, వంటింటి డిజిటల్ కాటా ఒకటి. రెండూ ఒకే వారం కొన్నాను, పదకొండు వారాలు వాడాక రాస్తున్నాను. నాకు వంట రాదు. ఇంట్లో అక్క వండుతుంది, మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్, సెలవు రోజు ఎవరో ఒకరింట్లో భోజనం. నేను తినేదాంట్లో ఏం పడిందో, ఎంత పడిందో నాకు తెలియదు. సరిగ్గా ఇలాంటివాళ్ళ కోసమే ఈ యాప్ అన్నారు ప్రకటనలో. పళ్ళెం ఫోటో తీస్తే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుందట.

చూసుకుంది. మొదటిరోజు అన్నం, కూర పెట్టిన పళ్ళేన్ని పైనుంచి తీస్తే 412 అంది. మెతుకు కదపకుండా కాస్త పక్కనుంచి తీస్తే 563. తేడా వచ్చినందుకు కాదు, ఆ చివరి 3కి ఒళ్ళు మండింది నాకు. నాలుగొందలకీ ఆరొందలకీ మధ్య అని చెప్పొచ్చుగా! 563 అనేసరికి తూచి చెప్పినట్టు ఉంటుంది, మనమూ నమ్మేస్తాం.

గుడ్డు, పండు, బ్రెడ్డు ముక్క లాంటివి బాగానే గుర్తుపడుతుంది. దాని తంటా అంతా వండిన వాటితోనే. గ్రాము కొవ్వుకి 9 క్యాలరీలు, పిండిపదార్థానికైనా మాంసకృత్తులకైనా 4. పెద్ద చెంచాడు నూనె అంటేనే 120 దాకా వస్తుంది. చెంచాడు నూనెతో చేసిన కూరనీ మూడు చెంచాలతో చేసిన కూరనీ ఫోటో తీసి పక్కపక్కన పెట్టండి, ఏది ఏదో చెప్పడం నా వల్ల కాలేదు. యాప్ వల్లా కాలేదు.

నూనె సంగతి అక్కనే అడిగాను.

"ఎంత పోశావక్కా?"

"ఏమోరా, చేతికొచ్చినంత."

మర్నాడు పొయ్యి వెలిగించకముందే నూనె డబ్బా కాటా మీద పెట్టాను, 1862 గ్రాములు. వంటయ్యాక మళ్ళీ పెడితే 1790. అంటే 72 గ్రాములు కూరలోకి వెళ్ళాయి, నూనె ఒక్కటే 640 క్యాలరీలకి దగ్గర. నలుగురం సమానంగా తిన్నామనుకుంటే తలా 160. యాప్ నా వాటా కూర మొత్తానికి ఇచ్చింది 95. అక్క డబ్బా వంకా నా వంకా చూసి, "కడుపుకి తింటున్నావా, లెక్కకి తింటున్నావా?" అంది. అయినా నూనె తగ్గించలేదు. నేనూ తగ్గించమనలేదు, కూర బాగుంటుంది మరి.

పరాయి వంటకి ఈ పద్ధతే నాకు కుదిరింది. పళ్ళెం కాదు, సీసా తూచాలి. నూనె, వెన్న, పంచదార, ఏదైనా సరే, ముందొకసారి, తర్వాతొకసారి తూచి, తేడాని తినేవాళ్ళ సంఖ్యతో భాగించడమే. గిన్నెలో మిగిలినదాని వంతు తీసెయ్యాలి. వేపుడుకైతే మూకుడులో మిగిలిన నూనె కూడా తూచాలి, లేకపోతే అదంతా మన ఖాతాలో పడుతుంది.

క్యాంటీన్‌లో సీసా మనకి అందదు. అక్కడ తిన్నాక పళ్ళెం ఒక పక్కకి వంచుతాను. నూనె జారి అంచున చేరితే, యాప్ అంకెకి రెండు పెద్ద చెంచాలు, అంటే 240 కలుపుతాను. మొరటు లెక్కే, కానీ ఫోటో కంటే నయం.

ఒక పొరపాటు నాదే, ఒప్పుకోవాలి. యాప్ పట్టికలో 'బియ్యం' వేరు, 'అన్నం' వేరు. వంద గ్రాముల బియ్యానికి 360 పైచిలుకు. అదే ఉడికి నీళ్ళు తాగి రెండున్నర, మూడింతల బరువు అవుతుంది కాబట్టి వంద గ్రాముల అన్నానికి 130 చిల్లర. నేను రెండొందల గ్రాముల అన్నం తిని బియ్యం కింద రాసుకుని, 260కి బదులు 720 అని నాలుగు రోజులు బెంగపెట్టుకున్నాను. వెతుకుడులో రెండూ ఒకదాని కింద ఒకటి వస్తాయి, పక్కన 'పచ్చిది', 'వండినది' అని పెద్దక్షరాల్లో రాస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

అంకెలు తప్పుతున్నాయని వదిలెయ్యక్కర్లేదు, సరిచేసుకునే దారి ఉంది. నేను రోజూ పొద్దున్నే బరువు చూసి వారానికి సగటు కడతాను. యాప్ ప్రకారం నేను రోజుకి 1700 తింటున్నాను, ఆ లెక్కన బరువు తగ్గాలి. మూడు వారాలు సగటు కదల్లేదు. అంటే ఖర్చయ్యేదంతా తింటున్నాను, కాగితం మీద ఏముంటే నాకేం? 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదన్న 10 మందిని పరీక్షిస్తే, వాళ్ళు తిన్నదాన్ని సగటున 47 శాతం తగ్గించి చెబుతున్నారని తేలింది. అది చదివాక నా మీద నాకు కోపం కాస్త తగ్గింది.

యాప్‌కి అయిదుకి రెండు. అది కూడా నోటుపుస్తకంలా పనికొస్తుందని. ఏడాది చందా మళ్ళీ కట్టను. కాటాకి నాలుగు. గిన్నె పెట్టాక సున్నాకి తెచ్చే మీట ఉంది, గ్రాము తేడా కూడా పట్టుకుంటుంది. ఒక మార్కు ఎందుకు కోశానంటే, పెద్ద గిన్నె పెడితే అంకెలు దాని కింద దాక్కుంటాయి, వంగి చూసేలోపు ఆరిపోతుంది.